చారు దించే వేళ

మనవాళ్ళు పాతిక ముప్ఫై కుటుంబాలు కాపురముంటున్న ఆ పరాయి దేశపు ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. జీతం కాగితం మీద ఒక పేరుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా బస్సు డిపోలో దాన్ని ఎవరి నోరు తిరిగినట్టు వాళ్ళు పిలుస్తూనే ఉన్నారు, ఆయన పలుకుతూనే ఉన్నాడు. మనవాళ్ళకి మాత్రం ఆయన చారు డ్రైవరు గారు. ఎవరింట్లో పుట్టినరోజైనా, ఎవరు కొత్తిల్లు కొనుక్కున్నా, "మిగతావి మేం చూసుకుంటాం, చారు మాత్రం మీరు పట్టుకురండి" అని ఫోను వచ్చేది. "చూద్దాంలెండి, డ్యూటీ ఉందేమో" అని ఆయన కాస్త బింకం పోయేవాడు. ఫోను పెట్టీ పెట్టగానే చింతపండు నానబెట్టేవాడు.

నిజానికి ఆ చారు ఆయనది కాదు, వాళ్ళ నాన్నది. ఆ పెద్దాయన పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడు. నడుముకి తుండుగుడ్డ బిగించి పొయ్యి దగ్గర నిలబడితే చివరి పంక్తి లేచేదాకా కూర్చునేవాడు కాదు. ఆయనకొక పట్టింపు ఉండేది. వండేవాడు రుచి చూడకూడదు. దేవుడి ముందు పెట్టకుండా, పంక్తిలో వడ్డించకుండా వంటవాడి నాలికకి తగిలితే అది ఎంగిలి. మిగతా వంటవాళ్ళు ఎవరూ చూడకుండా రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకేవాళ్ళు. పెద్దాయన దానికీ ఒప్పుకునేవాడు కాదు. "నోట్లో పోసుకుని చూసుకునేవాడు వంటవాడేమిట్రా? ముక్కు లేదూ?" అనేవాడు. ఉప్పుకి చెయ్యి కొలత, చారుకి ముక్కు కొలత. చింతపండు పచ్చివాసన పోయి, పప్పుకట్టూ మిరియమూ జీలకర్రా ఒకదాన్నొకటి పట్టుకుని ఒక్కటే వాసనగా పైకి లేచే క్షణం ఒకటుంటుంది. అప్పుడు దించాలి. ముందు దించితే వట్టి పులుసునీళ్ళు. రెండు పొంగులు ఆలస్యమైతే వాసనంతా గాలిలో కలిసిపోయి గిన్నెలో కారం మిగులుతుంది. దించాక, చివర్లో పోపు.

డ్రైవరు గారికి ఏడెనిమిదేళ్ళు వచ్చినప్పట్నించి పెద్దాయన ఆయన్ని వెంటబెట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడు. పొయ్యి పక్కన పీట వేసి దాని మీద నిలబెట్టేవాడు. చారు మరుగుతుంటే, "ఏరా, వచ్చిందా?" అనేవాడు. పిల్లాడు ముక్కు ముందుకు చాపి, "ఇంకా లేదు నాన్నా" అనేవాడు. కాసేపాగి మళ్ళీ, "ఏరా, వచ్చిందా?" "వచ్చింది నాన్నా!" అనడం ఆలస్యం, ఇద్దరు మనుషులు గుండిగ చెవులు పట్టుకుని కిందికి దించేసేవాళ్ళు. నాన్న తనకి పరీక్ష పెడుతున్నాడని పిల్లాడు వణికిపోయేవాడు. చిత్రమేమిటంటే ఆ పరీక్షలో ఒక్కసారీ తప్పలేదు. "కాదురా, ఇంకా రాలేదు" అని పెద్దాయన ఎన్నడూ అనలేదు.

పంక్తిలో ఏ పెద్దమనిషో "చారు అదిరిపోయిందయ్యా" అంటే పెద్దాయన కొడుకు నెత్తి మీద చెయ్యి వేసి, "వీడు దించాడండీ" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. పిల్లాడు సిగ్గుతో గుండిగల వెనక్కి పారిపోయేవాడు. బడి మాన్పించి వాణ్ణెందుకు తిప్పుతారని ఇంటి దగ్గర తల్లి ఒకటే పోట్లాట. "వాడు పక్కన లేకపోతే నాకు తోచదే" అనేవాడు పెద్దాయన. ముద్దు చేసి చెడగొడుతున్నారని ఆవిడ మొహం మాడ్చుకునేది.

ఇరవై నాలుగో ఏట డ్రైవరు గారికి ఈ దేశంలో పని దొరికింది. పెద్దాయన వద్దనలేదు. "వెళ్ళిరా" అన్నాడు, అంతే. కానీ ఆ నెలలోనే వంటలు మానేశాడు. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు కూడా వేరేవాళ్ళకి అప్పజెప్పి, "ఇక ఓపిక లేదు" అన్నాడట. ఏం ఓపిక లేదు? మనిషి అప్పటికి ఉక్కుముక్కలా ఉన్నాడు. తను వచ్చేశాడన్న కోపంతోనే నాన్న గరిట కింద పెట్టేశాడని డ్రైవరు గారు అనుకున్నాడు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా అడుగుదామని నోటిదాకా వచ్చేది, అడగలేకపోయేవాడు. ఎనిమిదేళ్ళ కిందట పెద్దాయన పోయాడు. అడగాల్సిన మాట ఆయనలోనే ఉండిపోయింది. అప్పుడప్పుడు చారు కలుపుతూ కలుపుతూ గరిట ఆపి ఊరికే నిలబడిపోతే, ఇదిగో, దీని గురించే.

ఇక్కడ డ్రైవరు గారిది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింట్లో ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. కిటికీ గట్టు మీద కుండీలో కరివేపాకు మొక్క, దానికి చలి తగలకుండా ఒక పాత స్వెటరు. పైకప్పుకి పొగ పడితే కూతపెట్టే గుండ్రటి డబ్బా ఒకటుండేది. పోపు వేసిన ప్రతిసారీ అది భవనం అంతా దద్దరిల్లేలా అరిచేది. డ్రైవరు గారు దానికి స్నానాలప్పుడు తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగి, వంటయ్యాక తీసేవాడు. మరిచిపోకుండా తియ్యడం భార్య పని. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడతలు పెట్టే చోట పనిచేసేది. ఇంట్లో వంట మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ ఆయనదే.

అలాగని ఆవిడ సుఖపడిపోయిందని అనుకోవద్దు. కాపురానికి వచ్చిన మొదటి నెలలో ఒకరోజు అన్నం తింటూ, "చారులో ఉప్పు కొంచెం తక్కువైనట్టుంది కదండీ" అంది పాపం. డ్రైవరు గారు లేచి చెయ్యి కడుక్కున్నాడు. మూడు రోజులు వంటింటి గడప తొక్కలేదు. నాలుగో రోజు ఆవిడ బతిమాలుకుంది. అప్పట్నించి ఇరవై ఏడేళ్ళు ఏం పెట్టినా ఆవిడ నోటినుంచి వచ్చే మాట ఒక్కటే, "బావుందండీ."

వాళ్ళకి ఒక్కతే అమ్మాయి. ఆ పిల్లకి ఆ చారు అంటే ప్రాణం, ఆ వాసన అంటే చచ్చేంత భయం. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుని, "నీ కోటు వాసనొస్తోంది" అనేవాళ్ళు. అది ఇంటికొచ్చి కోటు విసిరికొట్టి ఏడ్చేది. ఆ తర్వాత దానంతట అదే ఒక ఉపాయం కనిపెట్టింది. నాన్న చారు దించబోతున్నాడని వాసన రాగానే పరుగున వచ్చి, కొక్కేనికున్న కోటు తీసి, బాల్కనీలో ఆరేసి తలుపు మూసేది. దించాక పడేది పోపు. పోపు వాసన పట్టిందంటే రెండు ఉతుకులకి గాని వదలదు. పన్నెండేళ్ళ పాటు కోటు తీసే వేళ ఒక్కసారీ తప్పలేదు. డ్రైవరు గారికి అది చూసి నవ్వూ వచ్చేది, మనసులో కాస్త నొప్పీ కలిగేది. "నీ పెళ్ళికి తాతయ్య చారు నేనే పెడతానే. అప్పుడు కోటు ఎక్కడ దాస్తావో చూస్తా" అని ఏడిపించేవాడు.

ఆ పెళ్ళి కుదిరింది. పక్క ఊళ్ళో ఉన్న మనవాళ్ళ అబ్బాయే. ఎనభై మంది వస్తారు. భోజనాలు ఆర్డరు ఇచ్చేద్దామంది అమ్మాయి. "ఇచ్చుకోండి. పులిహోర, కూరలు, పప్పు, పాయసం అన్నీ తెప్పించుకోండి. చారు మాత్రం నేనే" అన్నాడు డ్రైవరు గారు. "వద్దు నాన్నా, ఆ రోజు నీకు సవాలక్ష పనులుంటాయి" అంటే వినలేదు. మా నాన్న పేరు మీద పెట్టే చారు అని ఊరంతా చెప్పుకున్నాడు. డిపోలో చారంటే ఏమిటో తెలియని వాళ్ళకి కూడా చెప్పాడు.

సరిగ్గా పెళ్ళి రెండు నెలలుందనగా ఆయనకి జలుబు చేసింది. నాలుగు రోజులు జ్వరం, వారం రోజులు దగ్గు. తగ్గింది, పనిలోకి వెళ్ళాడు. ఒకరోజు మధ్యాహ్నం బస్సు డిపోకి తెచ్చి పెట్టగానే మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. చక్రం దగ్గర వంగి చూసి, లేచి, ఈయన మొహంలోకి చూశాడు. "బ్రేకు పట్టేసి కాలిపోతోంది. బస్సంతా కంపు కొడుతోంది. నీకు తెలియలేదా?" అన్నాడు. నలుగురు ప్రయాణికులు చెప్పబోయారట, ట్రాఫిక్ హోరులో ఈయనకి వినపడలేదు. బ్రేకు మాడితే వాసన బట్టి అందరికంటే ముందు కనిపెడతాడని డిపోలో ఈయనకి పేరు. అలాంటి మనిషి చక్రం పక్కన వంగి గట్టిగా పీల్చాడు. చల్లటి గాలి లోపలికి వెళ్ళింది, అంతే. ఇంకేమీ లేదు.

టిఫిన్ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. చేతులు కడిగే చోట సబ్బు వాసన చూశాడు. ఏమీ లేదు. ఇన్నాళ్ళూ అన్నం సయించకపోతే జలుబు నీరసం అనుకున్నాడు పిచ్చి మహారాజు.

డాక్టరు లైటు వేసి ముక్కులో చూశాడు. "కొందరికి నెలల్లో వస్తుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది. కొందరికి రాదు. ఆగి చూడాలి" అన్నాడు. పెళ్ళికి అప్పటికి ఏడు వారాలుంది. ఆగి చూడాలట.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మాయి చారు కూడా ఆర్డరు ఇచ్చేస్తుంది. అది ఆయన పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. ఆ చారు ఎక్కడా రాసి లేదు. పెద్దాయన ముక్కులో ఉండేది, ఆయన పోయాక తన ముక్కులో ఉంది. ఇప్పుడు తన ముక్కు కూడా పోతే ఆ చారు ఇక లోకంలో లేనట్టే. నాన్న కోపం తీర్చడానికి మిగిలిన ఆ ఒక్క పెళ్ళి వంట కూడా చెడగొట్టుకుంటే ఇంకెవరికి మొహం చూపించాలి? బస్సు నడుపుతూ అదే ఆలోచన. ఒకటి రెండు సార్లు స్టాపు దాటించేసి ప్రయాణికుల చేత చివాట్లు కూడా తిన్నాడు.

ముక్కు లేకపోతే గడియారం ఉందిగా అనుకున్నాడు. ఫోనులో నిమిషాలు పెట్టుకుని చారు కాచాడు. ఒకనాటి చింతపండు పాతది, ఒకనాటిది కొత్తది. ఒక గిన్నె మందం, ఒకటి పలచన. నిమిషాలు దేనికీ సరిపోలేదు. పైగా వాసన లేని చారుని చూస్తే ఏదో తక్కువైందనిపించి ఇంకాస్త ఉప్పు వేసేవాడు. ఇంకా తక్కువనిపించి ఇంకాస్త. అయ్యాక భార్యకి వడ్డించి ఆవిడ మొహంలోకి దొంగచూపులు చూసేవాడు. కంటి రెప్ప కదులుతుందా, పెదవి వంకర పోతుందా, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి వెళుతుందా? ఆవిడ రాతిబొమ్మలా తిని, "బావుందండీ" అని లేచేది. ఇరవై ఏడేళ్ళ కిందట ఆ నోరు నొక్కింది ఈయనే. ఇప్పుడు ఆవిడ ఒక్క మాట తిడితే బావుండునని ఈయన ప్రాణం కొట్టుకుంటోంది. తమరు చేసుకున్నదే అని ఎవరైనా అన్నా ఆ పూట పడి ఉండేవాడు.

ఒక శనివారం డ్యూటీకి బయల్దేరి, మెడలో వేసుకునే కార్డు మరిచిపోయి వెనక్కొచ్చాడు. తలుపు తీసేసరికి ఆవిడ పొయ్యి దగ్గరుంది. పొద్దున తను కాచి పెట్టిన చారులో చెంబుడు వేడినీళ్ళు పోసి, బెల్లం ముక్క వేసి కలుపుతోంది. పక్కనే ఉడకేసిన బంగాళాదుంప, ఉప్పు లాగడానికి. ఇద్దరూ దొంగల్లా ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఎప్పట్నించండీ?" అంది ఆవిడ.

"ఏమిటి ఎప్పట్నించి?"

"నా దగ్గరా దాపరికం? పోపు మాడి బొగ్గయిపోతుంటే పక్కనే నిలబడి కాగితాలు చదువుకుంటున్నారు. మీరలాంటి మనిషేనా?"

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "జలుబు చేసినప్పట్నించి. ఏమీ తెలియడం లేదే. సబ్బూ తెలియదు, చారూ తెలియదు. మరి నీకు తెలిసినప్పుడు చెప్పొచ్చుగా?"

"చెప్పాను కదండీ ఒకసారి" అంది ఆవిడ. "ఇరవై ఏడేళ్ళ కిందట."

డ్రైవరు గారికి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఆవిడ చీర చెంగుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, "ఆరు వారాలుగా ఉప్పు కషాయం తాగుతున్నాను, నేనేడవాలి గానీ మీరేడుస్తారేం" అని కసిరింది. ఆయన్ని పెళ్ళి చేసుకున్నందుకు ఆవిడ ఏనాడైనా చింతించిందో లేదో తెలియదు గానీ, ఆ పూట మాత్రం ఆయన తల తన పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

"ఉప్పు సంగతి నేను చూస్తాను. దించడం మాత్రం నా వల్ల కాదు. మీరు దించితే తిన్నదాన్నే గానీ ఏ రోజూ పొయ్యి దగ్గర నిలబడి వాసన పట్టలేదు" అంది.

"అమ్మాయికి చెప్పకు."

"చెప్పను."

పెళ్ళిరోజు రానే వచ్చింది. ముహూర్తం పదిన్నరకి. అద్దెకి తీసుకున్న హాలు వెనక పెద్ద వంటగది, గోడల నిండా స్టీలు బల్లలు, గ్యాసు పొయ్యిల మీద మంచమంత వెడల్పున పొగ లాగే పంకా. డ్రైవరు గారు తెల్లవారేసరికే స్నానం చేసి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నడుముకి తుండుగుడ్డ బిగించాడు. భార్య ఉప్పు కొలిచి డబ్బాలో పెట్టి ఇచ్చింది. మూత మీద కాగితం అంటించి, "ఇంతే. ఇంకో చిటికెడు వేశారో, నేను పీటల మీద నుంచి లేచి వస్తాను" అని రాసింది. పాపం ఆవిడ పూజ దగ్గర కూర్చోవాలి, రాలేదు. మిగతా వంటలు ఆర్డరు ఇచ్చిన చోట నుంచి వచ్చి డబ్బాల్లో వరసగా కూర్చున్నాయి. పెద్ద గిన్నెలో చారు ఒక్కటే మిగిలింది.

ఎనిమిదింటికి పొయ్యి వెలిగించాడు. పప్పుకట్టు పోశాడు, చింతపండు పులుసు పోశాడు, దంచిన పొడి వేశాడు. ఆవిరి లేస్తోంది. ముక్కు దాని మీదే పెట్టాడు, మొహం తడిసింది గానీ ఏమీ తెలియలేదు. గిన్నె అంచున నురగ కడుతోంది. దించాలా? ఇంకా ఆగాలా? ఎనభై మంది. వాళ్ళలో వియ్యంకుడొకడు, ఏది పెట్టినా వంక పెట్టందే మింగని మనిషి. నాన్నా, ఏం చెయ్యను, అనుకున్నాడు పైకే.

"ఆ ఫ్యాను ఆపు నాన్నా."

వెనక్కి తిరిగాడు. గుమ్మంలో పెళ్ళికూతురు. మొహానికి పసుపు, తలకి తువ్వాలు చుట్టి, పెళ్ళి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడింది.

"నువ్విక్కడికెందుకొచ్చావే? పొగలోకి! వెళ్ళు, వెళ్ళు. పట్టుచీరకి వాసన పడుతుంది" అని గాభరాపడ్డాడు.

"పట్టనీ" అంది అమ్మాయి. "అమ్మ చెప్పింది."

"అయితే మీ అమ్మ చివర్లో కక్కేసిందన్నమాట."

"కక్కక ఏం చేస్తుంది? పూజ దగ్గర కూర్చుని దేవుణ్ణి వదిలేసి ఈ గుమ్మం వంకే చూస్తోంది. పంతులుగారు రెండుసార్లు మందలించారు. ముందు ఆ ఫ్యాను ఆపు. వాసనంతా అదే పీల్చేస్తుంటే నాకేం తెలుస్తుంది?"

"నీకు తెలియదే. నీకెప్పుడు నేర్పాను?"

"నువ్వు నేర్పలేదు" అంది అమ్మాయి. "పన్నెండేళ్ళు కోటు పట్టుకుని పరుగెత్తాను. నువ్వెప్పుడు దించుతావో నాకు తెలియకపోతే ఆ కోటు ఏనాడో తగలబెట్టేదాన్ని."

ఆయన వెళ్ళి ఫ్యాను ఆపాడు. హోరు ఆగి వంటగది నిశ్శబ్దమైంది. చారు కుతకుతలు మాత్రం వినబడుతున్నాయి. అమ్మాయి చీర ఎత్తిపట్టుకుని పొయ్యి పక్కకి వచ్చి నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఆయన గరిట పట్టుకుని దాని మొహం వంకే చూస్తున్నాడు. ఆవిరి వాళ్ళిద్దరి మధ్య లేస్తోంది.

"ఏమే, వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా లేదు నాన్నా."

కాసేపాగాడు. చారు అంచుల నుంచి మధ్యకి పొంగడం మొదలుపెట్టింది. చెయ్యి పొయ్యి మర దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఏమే, వచ్చిందా?"

"ఆగు... ఆగు... వచ్చింది నాన్నా! దించు!"

మర తిప్పేశాడు. సందేహం లేదు, మరో ఆలోచన లేదు. పిల్ల వచ్చిందంది, తను దించేశాడు. గరిట గిన్నె మీద అడ్డంగా పెట్టి, పక్కనున్న కూరగాయల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుండిపోయాడు.

ఆ మాటలు ఎవరివి? తనవి. ఆ ప్రశ్న ఎవరిది? నాన్నది. ఒక్కసారి కూడా తప్పని ఆ పరీక్ష. కాదురా అని ఒక్కసారీ అనని నాన్న. కట్టెల పొయ్యి ముందు ఎన్నేళ్ళు, ఎంత పొగ! వాడు పక్కన లేకపోతే నాకు తోచదే అన్నాడు. వీడు దించాడండీ అన్నాడు, ఉన్న మాటే చెప్పాడు, జనం నవ్వారు. ఎంగిలి పట్టింపని పైకి చెప్పుకుంటూ, వాసన తెలియని సంగతి బయటపడకుండా దాచుకుని, బుడంకాయంత కొడుకు ముక్కు మీద భారం వేసి పెళ్ళిళ్ళకి పెళ్ళిళ్ళు గట్టెక్కించాడు. ఆ ముక్కు విమానం ఎక్కి వెళ్ళిపోతే ఆ నెలలోనే గరిట కింద పెట్టాడు. ఇంకేం చేస్తాడు?

"ఏమైంది నాన్నా? మాట్లాడవేం? చారు బాగానే ఉంది. అదే వాసన. నిజంగా అదే" అంది అమ్మాయి కంగారుగా, ఆయన ముందు గొంతుక్కూర్చుని.

"మీ తాతయ్యకి నా మీద కోపం లేదే" అన్నాడు డ్రైవరు గారు.

"ఎప్పుడు?"

"నేను వచ్చేసినప్పుడు. కోపమనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను." కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా తోచలేదు. "వద్దనొచ్చు కదే. నువ్వెళితే నాకు చారు దించడం రాదురా అని ఒక్క మాట అంటే నేను ఆగిపోయేవాణ్ణి. అందుకే అనలేదు. వెళ్ళిరా అన్నాడు."

అమ్మాయికి అంతా అర్థమయిందో లేదో, చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా తండ్రి భుజం మీద తల పెట్టింది. ఆయన దాని వీపు నిమిరాడు. హాల్లో సన్నాయి మొదలైంది. ఎవరో పెళ్ళికూతురెక్కడని కేకలేస్తున్నారు. "పోపు వెయ్యాలి, వెళ్ళు. చీరకి పడుతుంది" అన్నాడు. అది లేవలేదు. పోపు వేశాక, కరివేపాకు చిటపటలాడి, ఇంగువ ఘాటుకి దానికి తుమ్మొచ్చాక, అప్పుడు లేచి వెళ్ళింది.

పెళ్ళి జరిగింది. తలంబ్రాలు పోసుకున్నారు. దేవుడి ముందు గిన్నెలో చారు పెట్టాక బల్లలు వేశారు. వియ్యంకుడు పులిహోరలో నిమ్మకాయ తక్కువన్నాడు, వంకాయ ముదిరిందన్నాడు, పప్పు పలచనన్నాడు. డ్రైవరు గారు చారు బకెట్టుతో ఆ వరసలోకి వచ్చేసరికి గ్లాసు చాపాడు. తాగి, కళ్ళు మూసుకుని, గ్లాసు మళ్ళీ చాపాడు. డ్రైవరు గారి భార్య ఎదుటి బల్ల దగ్గర వడ్డన ఆపి చూస్తోంది.

"బావగారూ, ఇది మాత్రం చారంటే. ఇది దించిన చేతికి దణ్ణం పెట్టాలి" అన్నాడు వియ్యంకుడు, ఆ వరసంతా వినేలా.

డ్రైవరు గారు బకెట్టు కింద పెట్టాడు. పక్కనే అల్లుడితో పాటు అన్నం తింటున్న కూతురి నెత్తి మీద చెయ్యి వేశాడు. జుట్టులో తలంబ్రాల గింజలు వేళ్ళకి తగిలాయి.

"నేను కాదు బావగారూ. మా అమ్మాయి దించింది."

పంక్తి అంతా పగలబడి నవ్వింది. పెళ్ళికూతురు పీటల మీద కూర్చుందా, పొయ్యి దగ్గరుందా అని ఎవరో హాస్యమాడారు. వియ్యంకుడికి పొలమారింది. నవ్వనిది ముగ్గురే. డ్రైవరు గారు వాళ్ళని సరిదిద్దలేదు. నవ్వులు తగ్గేదాకా కూతురి తల మీద చెయ్యి అలాగే ఉంచి, తర్వాత బకెట్టు తీసుకుని, "చారండీ, చారు" అంటూ పక్క వరసలోకి వెళ్ళాడు.